ప్లూరిపొటెన్సీ పాఠం పట్టుబడాలంటే: ముందు రోజులు, తర్వాత చోటు, ఆఖరున జన్యువులు

పరీక్షలు దగ్గరపడే కొద్దీ అమలాపురం, రాజోలు, భీమవరం వైపు జువాలజీ, బయోటెక్నాలజీ పిల్లల నుంచి ఒకటే ప్రశ్న వస్తోంది. "ప్లూరిపొటెన్సీ చదివామండి, కానీ బుర్రలో నిలవట్లేదండి. ఎలా చదవాలండి?" వాళ్ల నోట్సు తెరిస్తే కారణం మొదటి పేజీలోనే దొరుకుతుంది. ఆక్ట్4, సాక్స్2, నానోగ్ అని మూడు జన్యువుల పేర్లు, వాటి కింద ఎర్రగీతలు ఉంటాయి. ఆ సంగతులు జరిగేనాటికి పిండం వయసెంతో, ఏ కణం ఎక్కడుందో మాత్రం ఎక్కడా రాసి ఉండదు.

శరీరంలోని ఏ కణంగానైనా మారగలిగే ఈ శక్తి పిండం మొత్తానికీ ఉండదు, ఎల్లకాలమూ ఉండదు. కొన్ని కణాలకు, అదీ కొన్నాళ్లే ఉంటుంది. అందుకే జన్యువుల పేర్లతో మొదలుపెడితే అవి వేలాడటానికి కొయ్య దొరకదు. కింద రాసిన వరుస మార్చకుండా ఓ ఆదివారం కూర్చోండి.

1. కూర్చునే ముందు

- పెద్ద డ్రాయింగ్ చార్టు ఒకటి. అడ్డంగా పరవండి.
- మూడు రంగుల స్కెచ్ పెన్నులు.
- పిల్లలు ఆడుకునే క్లే, నిమ్మకాయంత ముద్ద. దొరక్కపోతే గట్టిగా కలిపిన గోధుమపిండి. ఇంట్లో ఉంది కదా అని వరిపిండి తీసుకోకండి, రెండు కోతలకే పగులుతుంది.
- కుట్టుదారం మూరెడు.
- మీ పాఠ్యపుస్తకం. కానీ మూసి ఉంచండి, నాలుగో మెట్టు దాకా దానితో పనిలేదు.

ముందే తెలిసి ఉండాల్సినవి రెండే. తొలి విభజనల్లో కణాల సంఖ్య పెరుగుతుంది గానీ పిండం సైజు పెరగదు. ట్రాన్స్‌క్రిప్షన్ ఫాక్టర్ అంటే వేరే జన్యువులను నడిపించే లేదా ఆపే ప్రోటీన్. ఇవి తెలియకపోతే ముందు అవి చదువుకుని రండి.

2. చార్టు మీద రోజులు గీయండి

అడ్డంగా మూడు గీతలు గీయండి. పైన ఎలుక, మధ్యలో మనిషి, కింద ఆవు, గేదె. పుస్తకాల్లో ఉన్న ప్రయోగాల్లో ఎక్కువభాగం ఎలుక మీద చేసినవే కాబట్టి మొదట ఆ గీత నింపండి.

- 1.5 రోజు: 2 కణాలు. ఇక్కడే పిండం తన సొంత జన్యువులను పెద్దఎత్తున వాడుకోవడం మొదలుపెడుతుంది. అప్పటిదాకా నడిచింది తల్లి అండంలో దాచిపెట్టిన సరుకుతోనే.
- 2.5 రోజు: 8 కణాలు. ఒకదానికొకటి నొక్కుకుంటాయి.
- 3.5 రోజు: బ్లాస్టోసిస్ట్. లోపల నీటి గది ఏర్పడుతుంది.
- 4.5 రోజు: పై పొర వదిలించుకుని గర్భాశయపు గోడకు అంటుకోవడం.
- 6.5 రోజు: గాస్ట్రులేషన్ మొదలు, అంటే కణాలు మూడు జనన స్తరాలుగా సర్దుకోవడం.
- సుమారు 8వ రోజు: శరీర కణాల్లో ప్లూరిపొటెన్సీ అడుగంటుతుంది.

పుస్తకంలో ఇ3.5 అని కనిపించేది మూడున్నర రోజుల పిండాన్నే. ఆ అర ఎందుకంటే, ఎలుకలు రాత్రిపూట జతకడతాయి, పొద్దున గుర్తు చూసి ఆ మధ్యాహ్నాన్ని అర రోజుగా లెక్కేస్తారు.

మనిషి గీతలో: సొంత జన్యువులు 4 నుంచి 8 కణాల మధ్య మేలుకుంటాయి, 5, 6 రోజులకు బ్లాస్టోసిస్ట్, వారం దాటాక అంటుకోవడం, రెండు వారాల దగ్గర గాస్ట్రులేషన్.

ఆవు గీతలో: జన్యువులు 8 నుంచి 16 కణాల మధ్య, బ్లాస్టోసిస్ట్ 7, 8 రోజులకు. గేదె పిండం ఆవు కన్నా కాస్త ముందు నడుస్తుంది. ఈ గీతను మన పిల్లలు త్వరగా పట్టుకుంటారు, ఎందుకంటే ఇంట్లో గేదె ఉంటుంది. క్లాసులో ఒకమ్మాయి అడిగింది: "మా గేదెకి సూది వేయించి వారమైందండి. ఇప్పుడు లోపల ఏముంటుందండి?" చూలు నిలిచి ఉంటే, మిల్లీమీటరులో ఐదో వంతుకు మించని నీటి బుడగ ఒకటి గర్భాశయంలో తేలుతూ ఉంటుంది. గోడకు ఇంకా అంటుకోలేదు. మూడో వారం దగ్గరపడేదాకా అంటుకోదు కూడా, ఈలోపు దారంలా సాగుతుంది. పిండ మార్పిడి చేసే పశువైద్యులు ఏడో రోజు ప్రాంతంలోనే గర్భాశయాన్ని కడిగి పిండాలు తీసేది ఇందుకే.

ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు, ఎలుక రోజును మనిషి గీతలో వేయడం. "మూడున్నర రోజులకు బ్లాస్టోసిస్ట్" అని రాసి పక్కన మనిషి బొమ్మ వేస్తారు. ప్రతి అంకె పక్కనా ఏ జంతువో రాసుకుంటే ఈ బెడద తీరుతుంది.

3. క్లేతో "లోపల"ను పుట్టించండి

పుస్తకం చదివి ఇది అర్థం చేసుకోవడం కష్టం, చేత్తో చేస్తే పావుగంట పని. ఈ మెట్టు దాటేయొద్దు.

మొదట ముద్దను ఒకే ఉండగా చుట్టండి. దాన్ని రెండు, నాలుగు, ఎనిమిది చేయండి. కొత్త క్లే కలపకూడదు. చాలామంది ప్రతిసారీ మరికొంత క్లే తెచ్చి ముద్దను పెంచుకుంటూ పోతారు. అది పిండం కాదు. జోనా పెల్లూసిడా అనే పై పొర లోపల సైజు అంతే ఉంటుంది, ముక్కలే చిన్నవవుతాయి.

ఎనిమిది ఉండలను దగ్గరకు చేర్చి మెల్లగా నొక్కండి. కణాల మధ్య హద్దులు చెదిరిపోయి ఒకే గుండ్రటి ముద్దలా కనబడుతుంది. దీన్నే కాంపాక్షన్ అంటారు. కణాల అంచుల్లో ఉండే ఈ-కాడ్‌హెరిన్ అనే అతుకు ప్రోటీన్, కణపు పైతలాన్ని బిగలాగే ఆక్టిన్, మయోసిన్ పోగులు కలిసి ఈ పని చేస్తాయి. ఇప్పుడు ముద్దను తిప్పి చూడండి. ఎనిమిదింటిలో ప్రతిదానికీ ఏదో ఒక ముఖం బయటికి కనిపిస్తుంది. ఎలా పేర్చినా అంతే, ఎనిమిదితో పూర్తిగా లోపల ఉండే ఉండ రాదు.

ఇప్పుడు నీలిరంగు స్కెచ్ పెన్నుతో ముద్ద బయటి తలమంతా పులమండి. పిండంలో కూడా ఈ దశలోనే ప్రతి కణపు బయటి ముఖం మీద ప్రత్యేకమైన ప్రోటీన్లు చేరి ఒక టోపీలా ఏర్పడతాయి. కణానికి బయటి వైపు, లోపలి వైపు అనే తేడా వచ్చిందన్నమాట.

తర్వాత ఒక్కో ఉండను తీసి దారంతో కోయండి. నీలిరంగు మధ్యగా కోస్తే రెండు ముక్కలకూ రంగు వస్తుంది. రంగు కింద నుంచి కోస్తే ఒకదానికే వస్తుంది, రెండోది ఉత్తదిగా మిగులుతుంది. నాలుగైదు ఉండలను రెండో రకంగా కోసి, మొత్తం 16 ముక్కలనూ మళ్లీ ముద్ద చేయండి. రంగు లేని ముక్కలు లోపలికి, రంగున్నవి బయటికి. నిజమైన పిండంలో ఈ సర్దుబాటు ఎవరూ చేయరు. టోపీ లేని కణాలు గట్టిగా బిగుసుకుని వాటంతట అవే లోపలికి జారతాయి.

ఆ ముద్దను దారంతో నిలువునా రెండుగా కోసి చూడండి. రంగు లేని గుంపులా మధ్యలో కనబడే ఆ కొద్ది కణాలే పిల్ల శరీరానికి మొదటి పెట్టుబడి. 32 దాకా తీసుకెళ్తే లోపలివి దాదాపు మూడోవంతు అవుతాయి.

ఈ దశలో ఏదీ ఖరారు కాలేదని చార్టులో పక్కన రాసుకోండి. 16 కణాల పిండం నుంచి బయటి కణాన్ని తీసి ఇంకో పిండం లోపల పెడితే, అది లోపలి కణంలాగే పెరగగలదు. చోటు మారితే తీరు మారుతుంది.

4. చోటు కణానికి ఎలా తెలుస్తుంది

ఇప్పుడు పుస్తకం తెరవొచ్చు. హిప్పో మార్గం అనే పేజీ తీయండి. కణం లోపలికి సంకేతాలు చేరవేసే దారుల్లో ఇదొకటి.

- బయటి కణం: టోపీ ఉంది. హిప్పో ఆగి ఉంటుంది. యాప్ అనే ప్రోటీన్ కేంద్రకంలోకి వెళ్లి టీడ్4 అనే ఇంకో ప్రోటీన్‌తో కలుస్తుంది. సీడీఎక్స్2 అనే జన్యువు పని మొదలవుతుంది. కణం ట్రోఫెక్టోడెర్మ్ అవుతుంది, అంటే మావి వైపు పోతుంది.
- లోపలి కణం: టోపీ లేదు. హిప్పో పనిచేస్తుంది. లాట్స్ అనే ఎంజైము యాప్‌కు ఫాస్ఫేట్ తగిలించి కేంద్రకంలోకి పోనివ్వదు. సీడీఎక్స్2 రాదు. సాక్స్2 మొదలవుతుంది.

తికమక ఎక్కడంటే, "లోపల" అనే మాట రెండు చోట్ల వస్తుంది. పిండం లోపలి కణంలో యాప్ కేంద్రకానికి బయట ఉంటుంది. పిండం బయటి కణంలో యాప్ కేంద్రకం లోపల ఉంటుంది. జవాబు పత్రాల్లో ఇది తారుమారు కావడం ప్రతి ఏడూ చూస్తుంటాను. పిండంలో చోటుకు ఒక రంగు, కణంలో చోటుకు ఇంకో రంగు వాడండి, మళ్లీ తడబడరు.

రెండో చిక్కు ఆక్ట్4. "ఆక్ట్4 వచ్చిన కణాలు లోపలివి అవుతాయి" అని రాస్తారు. 8 కణాల పిండంలో ఆక్ట్4 అన్నిట్లోనూ ఉంటుంది. ఎలుకలో ఆ తర్వాతే బయటి కణాల్లో సీడీఎక్స్2 దాన్ని ఆపేస్తుంది. ఆవు బ్లాస్టోసిస్ట్‌లోనైతే బయటి పొరలో కూడా ఆక్ట్4 ఇంకా కొనసాగుతుంది. మరి ఆక్ట్4 పనేమిటి? అది లేని ఎలుక పిండం కూడా బ్లాస్టోసిస్ట్ దాకా వస్తుంది, లోపల కణాలూ ఉంటాయి, కానీ అవి ట్రోఫోబ్లాస్ట్ దారి, అంటే మావి దారి పడతాయి. లోపలికి చేర్చేది చోటు, చేరినదాన్ని ఆ తీరులో నిలిపేది ఆక్ట్4.

5. రెండో చీలిక: లోపలివన్నీ ప్లూరిపొటెంట్ కావు

కోనసీమలో ఈ పాఠం చెబితే బ్లాస్టోసిస్ట్‌ను కొబ్బరిబొండంతో పోల్చని పిల్లాడుండడు. గోడ, లోపల నీళ్లు అనేంతవరకు సరే. కానీ బొండంలో మీగడ లోపలి గోడంతా పట్టి ఉంటుంది. ఇక్కడ లోపలి కణాలు ఒక పక్కనే గుంపుగా ఉంటాయి. పోలిక పట్టుకుని బొమ్మ వేస్తే చుట్టూ వేసేస్తారు, మార్కు పోతుంది.

ఆ గుంపులో ప్రతి కణంలోనూ మొదట నానోగ్, గాటా6 అనే ట్రాన్స్‌క్రిప్షన్ ఫాక్టర్లు రెండూ ఉంటాయి. తర్వాత ఒక్కో కణం ఒకవైపు మొగ్గుతుంది. నానోగ్ వైపు మొగ్గిన కణాలు ఎఫ్‌జీఎఫ్4 అనే సంకేతాన్ని విడుదల చేస్తాయి. దాన్ని గట్టిగా అందుకున్న పక్క కణంలో ఎర్క్ అనే సంకేత మార్గం పనిచేసి గాటా6ది పైచేయి అవుతుంది. కాసేపు రెండు రకాలూ కలగాపులగంగా ఉండి, తర్వాత విడిపోతాయి. గాటా6 కణాలు నీటి గది అంచున పొరగా చేరి ప్రిమిటివ్ ఎండోడెర్మ్ అవుతాయి, అది సొనసంచి వైపు పోతుంది. వెనక మిగిలింది ఎపిబ్లాస్ట్. మనం వెతుకుతున్నది ఇదే.

నెట్ లాంటి పరీక్షల్లో అడిగేది ఈ ప్రయోగమే: ఎలుక పిండానికి ఎఫ్‌జీఎఫ్4 ఎక్కువ పోస్తే లోపలి కణాలన్నీ ప్రిమిటివ్ ఎండోడెర్మ్ అవుతాయి, ఆ మార్గాన్ని మందుతో అడ్డుకుంటే అన్నీ ఎపిబ్లాస్ట్ అవుతాయి. ప్రశ్నలో ఎలుక అని ఉందో లేదో చూసుకోండి. ఆవు, మనిషి పిండాల్లో అదే అడ్డు వేసినప్పుడు ఫలితం అంత తెగేసినట్టు రాలేదు.

6. ఎపిబ్లాస్ట్ కూడా మారుతూనే ఉంటుంది

గోడకు అంటుకోకముందు ఉన్న ఎపిబ్లాస్ట్‌ను నైవ్ అంటారు, అంటుకున్నాక గాస్ట్రులేషన్ దాకా ఉన్నదాన్ని ప్రైమ్డ్ అంటారు. మధ్యలో ఫార్మేటివ్ అనే దశ ఉంది. బీజకణాలుగా మారమనే సంకేతాన్ని బాగా అందుకునేది ఆ దశే. చార్టులో ఎలుక గీత మీద 4.5 దగ్గర ఒక రంగు, 6.5 దగ్గర ఇంకో రంగు వేసి, మధ్యలో రెంటినీ కలిపేయండి.

ఎలుక కణాల్లో తేడాలు:

- ప్రయోగశాల డిష్‌లో నైవ్ గుంపులు ఉబ్బెత్తుగా, ప్రైమ్డ్ గుంపులు చదునుగా పెరుగుతాయి.
- నైవ్ కణాలను నిలిపేది లిఫ్ అనే సంకేత ప్రోటీన్, ప్రైమ్డ్ కణాలను నిలిపేవి ఎఫ్‌జీఎఫ్2, ఆక్టివిన్ అనే సంకేత ప్రోటీన్లు.
- ఆడ కణమైతే నైవ్‌లో రెండు ఎక్స్ క్రోమోజోములూ పనిచేస్తాయి, ప్రైమ్డ్‌లో ఒకటి మూతపడుతుంది.
- డీఎన్ఏ మీద మిథైల్ గుర్తులు నైవ్‌లో తక్కువ, ప్రైమ్డ్‌లో ఎక్కువ.
- బ్లాస్టోసిస్ట్‌లోకి ఎక్కిస్తే నైవ్ కణాలు కలిసిపోతాయి, ప్రైమ్డ్ కణాలు సరిగ్గా కలవవు.

7. పిండం నుంచి డిష్‌కు

పిండంలో ఒకట్రెండు రోజులుండే స్థితిని డిష్‌లో ఏళ్లతరబడి ఆపి ఉంచితే అవి పిండ మూలకణాలు. వరుస ఇది: బ్లాస్టోసిస్ట్‌ను తీసి పై పొర తొలగిస్తారు, ఆసరా కణాల మీద ఉంచుతారు, లోపలి గుంపు పరుచుకుని పెరిగాక విడదీసి కొత్త డిష్‌లోకి మారుస్తారు, అలా మారుస్తూనే ఉంటారు. ఎలుకలో 1981లో, మనిషిలో 1998లో ఇది సాధ్యమైంది.

ఎలుక కణాలకు లిఫ్‌తో పాటు రెండు నిరోధకాలు కలిపిన 2ఐ ద్రవం వాడతారు. ఒకటి ఎర్క్ మార్గాన్ని ఆపుతుంది, రెండోది జీఎస్కే3 అనే ఎంజైమును. ఎర్క్‌ను ఎందుకు ఆపుతారో అయిదో మెట్టు చేసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

మనిషి కణాల దగ్గర ఒక మెలిక ఉంది. బ్లాస్టోసిస్ట్ నుంచి తీసినా, మామూలు ద్రవంలో అవి ప్రైమ్డ్ తీరుకే వచ్చేస్తాయి. ఎక్కడి నుంచి తీశారన్న దానితో పాటు ఏ ద్రవంలో పెంచారన్నది కూడా స్థితిని తేలుస్తుంది. ఆవు విషయంలో ఇంకా ఆలస్యమైంది. ఎఫ్‌జీఎఫ్2తో పాటు వింట్ అనే సంకేత మార్గపు నిరోధకం కలిపిన ద్రవంలో నిలకడైన కణాలు వచ్చాయన్న పత్రం 2018లో వెలువడింది. మన దేశంలో కర్నాల్‌లోని జాతీయ పాడి పరిశోధన సంస్థ 2010లో పుట్టించిన గరిమా-2 అనే క్లోన్ దూడకు దాత కణం గేదె పిండ మూలకణమే.

ఇక ప్రేరిత ప్లూరిపొటెంట్ కణాలు. జపాన్ శాస్త్రవేత్త షిన్యా యమనకా బృందం 2006లో ఎలుక కణాల్లో, 2007లో మనిషి కణాల్లో ఆక్ట్4, సాక్స్2, కేఎల్ఎఫ్4, సీ-మిక్ అనే నాలుగు జన్యువులు ప్రవేశపెట్టి చర్మం లాంటి చోట్ల దొరికే కణాలను వెనక్కి తిప్పింది. పిండం నడిచిన దారిలోనే వెనక్కి నడుస్తాయని మాత్రం రాయకండి. ముందు కణం రూపు మారి పక్కకణాలతో అతుక్కుంటుంది, చాలా కణాలు మధ్యలో ఆగిపోతాయి, కొద్ది కణాల్లోనే సొంత ఆక్ట్4 మేలుకుంటుంది. బయటి నుంచి పెట్టిన జన్యువులు మూతపడ్డాక కూడా స్థితి నిలబడితేనే పని అయినట్టు.

8. ప్లూరిపొటెంట్ అని రుజువు చేయాలంటే

తేలికైనది ముందు, కఠినమైనది చివర:

1. గుర్తుల పరీక్ష: ఆక్ట్4, నానోగ్ ఉన్నాయా.
2. ఎంబ్రాయిడ్ బాడీ: ద్రవంలో తేలే ఉండల్లో మూడు జనన స్తరాల కణాలూ వస్తున్నాయా.
3. టెరటోమా: రోగనిరోధక శక్తి లేని ఎలుకలో గడ్డగా పెరిగి మూడు స్తరాల కణజాలాలూ ఇస్తుందా.
4. కైమీరా: బ్లాస్టోసిస్ట్‌లో ఎక్కిస్తే పుట్టిన పిల్ల శరీరంలో కలిశాయా, ఆ పిల్ల బీజకణాల్లోకి చేరి తర్వాతి తరానికి అందాయా.
5. టెట్రాప్లాయిడ్ పూరకం: క్రోమోజోములు రెట్టింపు చేసిన ఆతిథ్య పిండం మావికే పరిమితమై, పిల్ల మొత్తం పరీక్షించే కణాల నుంచే వచ్చిందా.

మనిషి కణాలకు చివరి రెండూ చేయరు, చేయకూడదు. మనిషి పిండాన్ని ప్రయోగశాలలో 14 రోజులు దాటి పెంచడాన్ని కూడా మన 2017 జాతీయ మార్గదర్శకాలు నిషేధించాయి.

9. తరచూ పడే తప్పులు, దిద్దుబాట్లు

"సంయుక్తబీజం ప్లూరిపొటెంట్." కాదు, అది టోటిపొటెంట్. మావితో సహా మొత్తం తయారుచేయగలదు. ఎలుకలో 2 కణాల పిండం నుంచి ఒకదాన్ని విడిగా పెంచినా పిల్ల పుట్టగలదు.

"లోపలి కణ సముదాయం, పిండ మూలకణాలు ఒకటే." మొదటిది పిండంలో ఒక మజిలీ. రెండోది డిష్‌లో మనం ఆపి ఉంచిన స్థితి.

"ఎన్నాళ్లైనా విభజన చెందుతున్నాయి కాబట్టి ప్లూరిపొటెంట్." క్యాన్సర్ కణాలూ విభజన చెందుతూనే ఉంటాయి. ఎన్ని రకాలుగా మారగలవో చూపించాలి.

"బొడ్డుతాడు రక్తంలో ఉండేవీ ఇవే." అక్కడ ప్రధానంగా ఉండేవి రక్తకణాలను ఇచ్చే మూలకణాలు, వాటి పరిధి రక్తమే. మోకాళ్ల నొప్పికి మూలకణాల ఇంజెక్షన్ అని గోడల మీద ప్రకటనలు చూసి పెద్దవాళ్లు మిమ్మల్నే అడుగుతారు, బయాలజీ చదువుతున్నారు కదా అని. ఏ రకం కణాలు, ఎక్కడి నుంచి తీసినవి, దానికి అనుమతి ఉందా అని మూడూ రాతపూర్వకంగా అడగమనండి.

10. చార్టు గోడకు అంటించే ముందు

- ప్రతి రోజు అంకె పక్కన జంతువు పేరు ఉందా?
- 8 కణాల బొమ్మలో పొరపాటున లోపలి కణం వేశారా?
- యాప్ ఎక్కడుందో రెండు రంగుల్లో చూపించారా?
- బ్లాస్టోసిస్ట్‌లో మూడు రకాల కణాలూ వేరుగా ఉన్నాయా? మూడు కాకుండా రెండే ఉంటే అయిదో మెట్టు మళ్లీ చేయండి.
- ఎపిబ్లాస్ట్ రంగు 8వ రోజు దగ్గర ఆగిందా, లేక చార్టు చివరిదాకా లాగేశారా?
- జన్యువుల పేర్లన్నీ చెరిపేసినా కథ చెప్పగలుగుతున్నారా? చెప్పగలిగితే ఇప్పుడు ఆ పేర్లు కంఠస్థం చేయండి, గంటలో వచ్చేస్తాయి.